పదహారు ఫోటోల్లో అక్క యాడుండాది?

నా మీద ఊర్లో ఇప్పుడు మూడు రకాల మాటలు నడస్తా ఉండాయంట. మద్రాసులో నన్ను జపాను వాని గూఢచారి అని పట్టుకున్నారని ఒకటి. మా అక్క సముద్రంలో కొట్టుకుపోయిందని ఒకటి. నా కొలువు ఊడిందని ఇంకొకటి. తిమ్మప్పా, నువ్వు కూడా నమ్మితివంట. ఇట్ల జరుగు, కాఫీ తాగుతా చెప్తా. మా అక్క నిక్షేపంగా ఉండాది, మొన్ననే షోలాపురం రైలెక్కించి వస్తిని. కొలువు కూడా ఉండాది, నిన్ననే తేలింది. ఆ మొదటి మాటను మాత్రం పూర్తిగా అబద్ధమని చెప్పలేను.

మా లక్ష్మక్క నాకంటే పన్నెండేండ్లు పెద్దది. అమ్మ పోయినాక నన్ను సాకింది ఆయమ్మే. పెండ్లయి షోలాపురం పోయింది, బావకు ఆడ మిల్లులో పని. ఆరేండ్లకు ఇప్పుడు వచ్చింది మన ఊరికి, నాగలమడికకు. వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో చీరల నడుమ చుట్టి ఒక కెమెరా తెచ్చింది. నల్ల డబ్బా, ముందర గుండ్రంగా ఒక కన్ను. బావ ఎవరో సోల్జరు దగ్గర కొన్నాడంట. యుద్ధకాలం కదా, రీళ్లు దొరకవు, చూసి వాడుకోండని రెండే రెండు రీళ్లు ఇచ్చి పంపినాడు. రీలుకు ఎనిమిది, మొత్తం పదహారు ఫోటోలు.

"ఈ పదహారూ సముద్రం కాడ తీయాల్రా సంజీవా," అనింది అక్క. "సముద్రం నేనూ చూల్లేదు, నువ్వూ చూల్లేదు. మళ్ల ఎన్నేండ్లకు వస్తానో ఏమో."

అక్క నన్ను ఒకటి అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. చిన్నప్పట్నుంచి అడగడం నాది, ఇయ్యడం ఆయమ్మది. ఇంక కాదని ఎట్లంటా?

అయితే నేను గుమాస్తాగా చేసే తాలూకా కచేరీలో లీవు ఎవరిస్తారు? లెవీ ధాన్యం లెక్కలు, రేషను కార్డులు, నా టేబులు మీద కాగితాలు గడ్డం దాకా వచ్చుండాయి. సముద్రం చూసొస్తా స్వామీ అని రాస్తే మా పై ఆఫీసరు అమల్దారు ఆ కాగితం చించి నా చేతికే ఇస్తాడు. అందుకని ఇట్ల రాసినా: మా అక్కకు ఒంట్లో బాగలేదు, బెంగళూరు పెద్దాసుపత్రిలో చూపియ్యాల, ఎనిమిది దినాలు రజా ఇప్పించమని ప్రార్థన.

ఆయప్ప రెండుసార్లు చదివినాడు. కండ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "అయ్యో పాపం, బాగా చూపించప్పా. డబ్బులకేమన్నా ఇబ్బందైతే చెప్పు" అన్నాడు కన్నడంలో. కసిరి ఉంటే నాకు ఇంత బాధ లేదు. కానీ లీవు చేతికొచ్చినాక అంతా మర్చిపోయినా. అక్కకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. జబ్బు మనిషివి నువ్వేనని ఎట్ల చెప్తా?

పావగడలో బొగ్గుతో నడిచే బస్సెక్కి హిందూపురం, ఆడ రైలెక్కి బెంగళూరు, ఆడ్నుంచి మద్రాసు. సత్రంలో సామాన్లు పడేసి, మొగాలు కడుక్కుని, ట్రామెక్కి నేరుగా సముద్రానికి పోయినాం.

అక్క ఒడ్డున నిలబడి కండ్లు చికిలించి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. నాకు భయమేసింది, ఇంత దూరం వచ్చి నచ్చలేదేమోనని. ఆఖరికి అనింది, "మన ఏరు మాదిరే ఉండాదిరా. అదే ఇసక. నీళ్లు ఒక్కటే ఎక్కువ."

నాగలమడికలో పుట్టిన మనిషి ఇంకేమంటాది? మనం పినాకిని ఇసకలో నిలువులోతు చెలమ తోడితే ఒక బిందెడు ఊరుతాది. ఈడ ఎవరూ తోడకుండానే నీళ్లు కాళ్ల కాడికి వచ్చి పోతా ఉండాయి. అక్క ఒక దోసిలి తీసుకుని నోట్లో పోసుకునింది. ఉమ్మేసింది. "ఇన్ని నీళ్లు పెట్టుకుని ఒక్క గుక్క తాగేదానికి లేవే," అని సముద్రాన్నే కోప్పడింది.

రెండో దినం నుంచి ఫోటోలు మొదలుపెట్టినాం. ఆ డబ్బాతో ఫోటో తీయడం నువ్వు అనుకున్నంత సులభం కాదు. డబ్బాను కడుపుకు ఆనించుకోవాల. వంగి, పైనుండే చిన్న అద్దంలోకి చూడాల. అక్క దాంట్లో చింతగింజంత కనపడుతుంది. అంతవరకు బాగుండాది. కానీ ఆ అద్దంలో కుడి ఎడమయితాది, ఎడమ కుడయితాది. అక్క అద్దంలో ఎడమ పక్కకు పోతే నేనూ డబ్బాను ఎడమకు తిప్పుతా. ఆయమ్మ ఇంకా దూరం పోతాది. నేను ఇంకా తిప్పుతా. చివరికి ఎట్లనో ఆయమ్మ నడిమికి వచ్చిందనుకుని, చెయ్యి కదలకూడదని ఊపిరి బిగబట్టి, కండ్లు గట్టిగా మూసుకుని నొక్కుతా.

తీసిన ప్రతి ఫోటోకూ చిన్న పుస్తకంలో ఒక లైను రాసుకుంటా ఉంటిని. బావకు చూపించేటప్పుడు ఏది ఏందని చెప్పాల కదా. పదేండ్లుగా కచేరీలో కన్నడం రాసి రాసి ఈ చెయ్యి ఇంక తెలుగు రాయదు. కాబట్టి కన్నడంలోనే రాసినా. నంబరు, ఫోటోలో ఏముండాది, టైము. కచేరీ అలవాటు.

మూడో దినం పొద్దున అక్కకు ఒక కోరిక పుట్టింది. "ఒట్టి నీళ్లు ఎన్నిసార్లు తీస్తావురా? వెనకాల ఒక పెద్ద ఓడ ఉంటే మీ బావ నమ్ముతాడు."

ఓడలు ఉండేది హార్బరు పక్క. ఆ పక్కకు నడుచుకుంటా పోయినాం. ఆడ ఇసకలో ముండ్ల కమ్మీ చుట్టలు చుట్టలుగా పరిచి ఉండాది. దూరంగా పెద్ద పెద్ద ఓడలు. మంచి చోటు దొరికిందని నాకు సంతోషం. అక్కను నీళ్ల పక్క నిలబెట్టినా. ఒకటి తీసినా, రెండు తీసినా, ముందు దినానివీ కలిపి పదిహేను దాకా వచ్చినాం. పదహారోదానికి ఓడ మొత్తం పట్టాలని, అద్దంలోకి చూస్తా, ఒక్కో అడుగు వెనక్కి వేసినా. ఇంకా కొంచెం. ఇంకా కొంచెం. వీపుకు ఏదో చెక్క తగిలింది. ఆనుకునేదానికి బాగుండాదే అని ఆనుకుని, కండ్లు మూసుకుని, నొక్కినా.

కండ్లు తెరిచేసరికి ముందర తుపాకి పట్టుకున్న సెంట్రీ ఒకడు ఉండాడు. అరవంలో ఏదో గద్దించినాడు. పక్కకు జరుగుదామంటే పంచ కదల్లేదు. వెనకుండే ముండ్ల కమ్మీకి మూడు చోట్ల తగులుకొని ఉండాది.

అక్క పరిగెత్తుకుంటా వచ్చింది. సెంట్రీని చూల్లేదు, తుపాకిని చూల్లేదు. పంచ దగ్గర కూసుని ఒక్కో ముల్లూ విడిపిస్తా ఉండాది. "లాగొద్దురా, చినుగుతాది. ఇప్పుడు కొత్తది యాడ దొరకతాది?" అంటా ఉండాది. సెంట్రీ ఈల వేసినాడు. ఇంకిద్దరు వచ్చినారు. మూడు తుపాకుల నడుమ అక్క నిమ్మళంగా ముండ్లు తీసింది, పంచ ఒక్క పోగు తెగలేదు. అప్పుడు నేను తిరిగి ఆ చెక్కను చూసినా. ఇంగ్లీషులో పెద్దక్షరాలు రాసుండాయి. ఈడ ఫోటోలు తీయరాదు, తీస్తే శిక్ష. నేను ఆనుకుని ఫోటో తీసింది ఆ బోర్డుకే.

టేషన్‌కు తీసకపోయినారు. ఆడుండే సబ్‌ఇన్‌స్పెక్టరు నెల్లూరు మనిషి, తెలుగాయన. బతికితిమి అనుకున్నా. ఆయన నా జేబులో పుస్తకం తీసి తెరిచేదాకా అట్లే అనుకుంటా ఉన్నా.

మన కన్నడం అక్షరాలు తెలుగు వాళ్లకు ముక్కాలు భాగం తెలిసినట్లే ఉంటాయి కదా. ఆయన కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టినాడు. "అక్క. హడగు. హొగె. ఒంబత్తు గంటె." తల ఎత్తి నా పక్క చూసినాడు. "ఏమయ్యా, ఈ హడగు ఎవరు?"

"హడగు మనిషి కాదు స్వామీ."

"ఈ పేజీలో ప్రతి లైన్లో ఉన్నాడు. అక్క పక్కనే ఉన్నాడు. ఎవరో చెప్పు. హొగె అనేవాడు కూడా మీ మనిషేనా?"

"హడగు అంటే కన్నడంలో ఓడ స్వామీ. హొగె అంటే పొగ."

ఆయన కలం కింద పెట్టినాడు. నిజం చెప్పి బయట పడదామనుకున్నోన్ని ఇంకా లోపలికి పోయినానని నాకు అప్పుడు తెలిసింది.

"అంటే, ఎన్ని ఓడలున్నాయి, ఏ ఓడకు పొగ వస్తోంది, అదంతా రాసుకున్నావు."

"రాసుకున్నా స్వామీ."

"టైముతో సహా."

"టైము వేయకపోతే మా కచేరీలో ఒప్పుకోరు స్వామీ."

"ఏ కచేరీ?"

నేను నోరు తెరిచే లోపల అక్క అందుకునింది. "మైసూరు సీమ అన్నా మాది. పావగడ తాలూకా. వీడు కచేరీలో గుమాస్తా. వీళ్ల అమల్దారుకు వీడంటే ప్రాణం. కావాలంటే ఆయప్పకు తంతి కొట్టి అడగండి."

తంతి కొట్టకపోతే గూఢచారిని. కొడితే అబద్ధమాడి లీవు తీసుకున్న గుమాస్తాను. ఒకదానికి జైలు, ఇంకోదానికి కొలువు పోవడం. రెండిట్లో ఏది మేలని ఆలోచిస్తా ఉంటే ఇన్‌స్పెక్టరు తంతి రాయడం అయిపోయింది. కెమెరా, రీళ్లు, పుస్తకం అన్నీ బీరువాలో పెట్టినాడు. ఆడమనిషి తోడుండాదని నన్ను లోపల వేయలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి సంతకం పెట్టాల, ఊరు దాటకూడదు, ఇద్దరూ హార్బరు పక్కకు పోకూడదు. జవాబు వచ్చేదాకా అంతే.

మూడు దినాలు పట్టింది. ఆ మూడు దినాలూ పొద్దున టేషన్‌లో సంతకం పెట్టి, హార్బరుకు దూరంగా, చేపల పడవలుండే పక్క పోయి కూసుంటా ఉంటిమి. చేతిలో డబ్బా లేదు, పుస్తకం లేదు. అక్క చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి అల వచ్చే చోట కూసునేది. అల వచ్చి నడుము దాకా తడిపి పోయేది. కదిలేది కాదు.

"నిన్నటిదాకా నువ్వు నన్ను సముద్రానికి వీపు పెట్టి నిలబెడితివి కదరా," అనింది ఒక దినం. "నిన్నూ, నీ డబ్బానూ చూసినాను గానీ, దీన్ని చూసింది ఇప్పుడే."

ఇంకొంచెం సేపైనాక మళ్ల అనింది, "అమ్మ ఇన్ని నీళ్లు చూసి ఉంటే ఊర్లో బట్టలన్నీ మూటగట్టుకొచ్చేది."

"ఉప్పునీళ్లక్కా, సబ్బు నురగ రాదు."

"రాకపోనీలే. జాడించుకునేదానికన్నా పనికొచ్చేవి."

అక్క నవ్వింది. నేనూ నవ్వినా, కానీ లోపల అమల్దారు మొగం కనపడతా ఉండాది. ఆ తంతి చదివి కండ్లద్దాలు తీసి పక్కన పెడతాడు, మళ్ల ఏం చేస్తాడో తెలియదు. అక్క నా మొగం చూసి, "ఏంరా అట్లుండావు? ఆయప్ప మంచోడని నువ్వే కదా జాబులో రాసినావు" అనింది. మంచోడు కాబట్టే భయమని చెప్పలేకపోయినా.

మూడో దినం సాయంత్రం ఇన్‌స్పెక్టరు మమ్మల్ని లోపలికి పిలిచినాడు. టేబులు మీద తంతి కాగితం ఉండాది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించినాడు.

"సంజీవప్ప మా గుమాస్తానే, నమ్మకస్తుడు. అక్కకు జబ్బు చేసి బెంగళూరు ఆసుపత్రికని లీవు తీసుకున్నాడు. మద్రాసులో ఎందుకున్నాడో తెలియదు. అక్క ఆరోగ్యం ఎట్లుందో తెలుపగలరు."

చదివి, కాగితం దించి, అక్కను చూసినాడు. అక్క బెంచీ మీద కూసుని వేయించిన సెనిక్కాయలు తింటా ఉండాది. మూడు దినాలు ఎండకు, ఉప్పుగాలికి మొగం రాగి చెంబు మాదిరి మెరస్తా ఉండాది.

"ఏమమ్మా, నీకు జబ్బంట కదా?"

అక్క నా పక్క చూసింది. నేను నేల చూసినా. ఆయమ్మకు అంతా అర్థమైపోయింది, చిన్నప్పుడు బెల్లం డబ్బా ఖాళీ అయినప్పుడు అర్థమైనట్లే.

"ఔనన్నా," అనింది, సెనిక్కాయల పొట్లం కొంగులో కట్టుకుంటా. "గుండె దడ. మీ టేషన్‌కు వచ్చినప్పట్నుంచి పట్టుకునింది."

ఇన్‌స్పెక్టరు మీసం కింద నవ్వు దాచుకున్నాడు. సొరుగు తెరిచి ఒక కవరు తీసినాడు. రీళ్లు కడిగించి, పై అధికారికి చూపించినారంట. పదహారు ఫోటోలనూ టేబులు మీద వరసగా పరిచినాడు.

"నీ పుస్తకంలో ఒకటో నంబరు, అక్క, నీళ్లు అని ఉంది. ఇదిగో ఒకటో నంబరు. అక్క ఎక్కడుందో చూపించు."

చూసినా. ఆకాశం ఉండాది. కింద మూలన ఇంత ఇసక.

రెండో దాంట్లో ఒక మోచెయ్యి ఉండాది. గాజులను బట్టి అక్కదే అని చెప్పినా. మూడో దాంట్లో సముద్రం ఏటవాలుగా ఒక పక్కకు ఒరిగి ఉండాది, నీళ్లన్నీ ఇప్పుడు కారిపోతాయేమో అన్నట్ల. ఐదులో చీర అంచు. తొమ్మిదిలో ఎవరిదో కుక్క. దాన్ని మేమిద్దరం ఆ ఒడ్డున చూల్లేదు, ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో. పన్నెండులో మబ్బు మాదిరి ఏదో ఉంటే అది నా వేలు అని ఇన్‌స్పెక్టరే కనుక్కున్నాడు. ఓడ ఒక్క దాంట్లో కూడా లేదు.

"మా ఆఫీసరు మూడుసార్లు చూశాడయ్యా," అన్నాడు ఆయన. "వీటిని శత్రువుకు పంపించినా మనకేం నష్టం లేదన్నాడు. వీటిని నమ్ముకుని ఎవడన్నా ఓడ తోలుకుని వస్తే మద్రాసు ఎక్కడుందో కనుక్కోలేడట. తీసుకుని వెళ్లు. ఇంకెప్పుడూ ఆ బోర్డుకు ఆనుకోవాకు."

నేను ఆయన కాళ్లకు మొక్కబోయినా, అక్క నన్ను భుజం పట్టుకుని ఆపింది. బయటికొచ్చి టేషన్ మెట్ల మీద కూలబడినా. అక్క ఏం తిట్టలేదు. కొంగు విప్పి మిగిలిన సెనిక్కాయలు నా చేతిలో పోసి, "జబ్బు పేరన్నా ముందే చెప్పింటే దానికి తగినట్ల దగ్గుతాంటి కదరా" అనింది.

అక్కను రైలెక్కించినాక ఊరికొస్తిని. నిన్న పొద్దున కచేరీకి పోయినా. రాత్రంతా ఏం చెప్పాలని నాలుగు రకాల కతలు అల్లుకుని ఉంటిని. అమల్దారు లోపలికి పిలిచి, తలుపు దగ్గరికెయ్యమన్నాడు.

"అక్కకు ఎట్లుండాది?"

"బాగుండాది స్వామీ."

"ముందు నుంచీ బాగానే ఉండాది కదా?"

అల్లుకున్న నాలుగు కతల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "ఔను స్వామీ," అన్నా. "మా అక్క సముద్రం చూల్లేదు స్వామీ. ఆయమ్మ నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. నేను అబద్ధం రాసినా. తప్పే."

ఆయప్ప కుర్చీ నా పక్కకు తిప్పుకున్నాడు. "నువ్వు అడిగింటే నేను ఇయ్యనని ఎట్లనుకుంటివి?" అన్నాడు. మళ్ల, "తంతిలో రాసిన ఆ ఫోటోలు ఉండాయా?" అన్నాడు.

కవరు ముందర పెట్టినా. ఒక్కొక్కటే తీసి చూసినాడు. కండ్లద్దాలు తుడుచుకుని మళ్ల చూసినాడు. ఒకదాన్ని తలకిందులు చేసి చూసి, "ఇదేంది?" అన్నాడు. మోచెయ్యి స్వామీ అన్నా. "ఇది?" కుక్క స్వామీ. "నీదా?" కాదు స్వామీ. నవ్వుతాడేమో అని చూసినా. నవ్వలేదు. ఫైల్లో నుంచి నా లీవు అర్జీ తీసినాడు. అక్కకు ఒంట్లో బాగలేదు అన్న లైను కొట్టేసి, దాని పైన కన్నడంలో నిదానంగా రాసినాడు: గుమాస్తాకు కండ్లు సరిగ్గా కనపడటం లేదు, అందుకని ఎనిమిది దినాల రజా.

"అబద్ధం ఉండే కాగితం మీద నా సంతకం ఉండకూడదు," అన్నాడు. "ఇదైతే నిజం. సాక్ష్యం కూడా పదహారు ఉండాయి. ఈడ సంతకం పెట్టు."

కొలువు దక్కిందన్న సంతోషంలో చూడకుండానే పెట్టేసినా. గీత మీద పెట్టాల్సిన సంతకం రెండంగుళాలు కింద, ఆయప్ప పేరు మీద పడింది.

ఆయప్ప దాన్ని కూడా చూసి, కాగితం మడిచి ఫైల్లో పెట్టినాడు. "పదిహేడు," అన్నాడు.